ఇంజనుకి మంచినీళ్ళు

మా అత్తగారికీ నాకూ జరిగిన గొడవల్లోకెల్లా పెద్దది ఒక పడవ ఇంజను తాళంచెవి దగ్గర జరిగింది. నేను తిప్పమన్నాను, ఆవిడ వద్దన్నారు. మధ్యలో తాళం పట్టుకుని నిలబడ్డ మా ఆయన ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశారు. సముద్రం మీద ఎంత గాలి లేచినా చెదరని మనిషి, ఆ పొద్దున తన ఇంటి ముందే బిక్కచచ్చిపోయారు.

మాది గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో, నరసాపురం వైపు, వేట మీద బతికే ఊరు. మాది అంటున్నాను గానీ నేను పుట్టింది జంగారెడ్డిగూడెం దగ్గర. అక్కడ పామాయిల్ తోటలూ జీడిమామిడి తోటలూ తప్ప పడవ అనేది కంటికి కనపడదు. పెళ్ళయ్యాకే మొదటిసారి పడవెక్కాను, ఎక్కీ ఎక్కగానే వాంతి చేసుకున్నాను. అయితే ఇంజన్లంటే మాత్రం నాకు చిన్నప్పట్నించీ పిచ్చి. మా నాన్న తోటలకి నీళ్ళు తోడే డీజిలు ఇంజను నడిపేవాడు. అది మొరాయించినప్పుడల్లా మొదట్లో పక్కన నిలబడి స్పానర్లు అందించేదాన్ని. కాస్త ఎదిగాక ఆయన్నే పక్కకి జరగమని నేను విప్పేదాన్ని.

మా ఆయన మంచి సరంగు, పడవ నడపడంలో చెయ్యి తిరిగినవారు. ఊళ్ళో చాలామంది మగవాళ్ళలాగే ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్ బోట్ల మీద పనిచేసేవారు. వేట కాలం మొదలవుతోందంటే మనుషుల్ని కూర్చే మేస్త్రీ ఫోను చేస్తాడు, వీళ్ళు సంచి సర్దుకుని బయల్దేరతారు. ఒడ్డుకొచ్చినప్పుడు ఫోనులో మాట్లాడతారు, మళ్ళీ సముద్రంలోకి పోతే ఉన్నారో లేరో తెలీదు. ఆయన లేని ఇంట్లో నాకు అన్నం సహించదు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు కాబట్టి చెబుతున్నాను.

అందుకే కిందటి ఏడు పట్టుబట్టి ఆ పడవ కొనిపించాను. ఒక రిసార్టు వాళ్ళు వాడి వదిలేసిన తెల్లటి పడవ. సంగమం చూడ్డానికి వచ్చేవాళ్ళని అందులో తిప్పొచ్చు, మనిషి రాత్రికి ఇంటికొస్తాడు. చలికాలమంతా బ్రహ్మాండంగా నడిచింది. ఆయన నడుపుతుంటే నేను వెనక కూర్చుని ఇంజను చప్పుడు వినేదాన్ని. వచ్చినవాళ్ళందరూ సముద్రం చూస్తుంటే నేనొక్కదాన్నీ కళ్ళు మూసుకుని కూర్చునేదాన్ని.

వానలొచ్చాయి. పడవ కదలకుండా ఉప్పు నీళ్ళలో ఉండిపోయింది. ఈ రకం పడవలో ఇంజను లోపల ఉంటుంది. దాని తిప్పుడుని నీళ్ళలోని ఫ్యానుకి అందించే భాగం వెనక బయటికి వేలాడుతుంది, దాన్ని డ్రైవ్ అంటారు. దసరా వెళ్ళాక తీసి చూస్తే ఆ డ్రైవ్‌లో నూనె పాలెక్కువైన టీ రంగుకి తిరిగింది. నీళ్ళు దిగాయన్నమాట. ఇంజను సంగతి చెప్పనే అక్కర్లేదు, ఉలుకూ లేదు పలుకూ లేదు. పడవని ఒడ్డుకి లాగించి మా ఇంటి ముందు కొబ్బరి దుంగల మీద పెట్టించాం.

నరసాపురం నుంచి మెకానిక్ వచ్చి డ్రైవ్‌ని విప్పేసి ఆటోలో వేసుకున్నాడు. పోతూ పోతూ ఇంజనుకేసి చూపించాడు.

"డ్రైవ్‌ది ఏముందండి, సామాను తెప్పించి బాగుచేసేత్తాను. కానీ ముందు ఆ ఇంజను సంగతి తేల్చుకోండి. అది పోయిందంటే ఈ డ్రైవ్ బాగుచేయించి ఏం చేసుకుంటారు, షోకేసులో పెట్టుకుంటారా?"

"డ్రైవ్ లేకుండా ఇంజను ఎలా తిరుగుద్దండి?" అని మా ఆయన అడిగారు.

"సుబ్బరంగా తిరుగుద్దండి. దానిక్కావాల్సింది నీళ్ళే. గోదాట్లోంచి పీల్చుకునే పైపు ఇదిగో, దీనికి మొక్కలకి నీళ్ళు పెట్టే పైపు తగిలించి క్లిప్పు బిగించండి. నీళ్ళు ముందు, తాళం తర్వాత. నీళ్ళు లేకుండా తిప్పారా, పంపులో రబ్బరు చక్రం చిటికెలో మాడిపోద్ది. ఎనక పొగతో పాటు నీళ్ళు కూడా బయటికొత్తే బతికినట్టు. రాలేదంటే అప్పుడే ఆపెయ్యండి. ఇంకో మాటండోయ్, మంచినీళ్ళే పెట్టండి. ఉప్పుతోనే దీని ప్రాణం మీదికొచ్చింది, మళ్ళీ ఉప్పు పట్టించకండి."

ఆ రాత్రి భోజనాల దగ్గర మేస్త్రీ ఫోను వచ్చింది. మర్నాడు సాయంత్రం ఇంకో విడత మనుషులు బయల్దేరుతున్నారట, వస్తున్నాడో లేదో మధ్యాహ్నం లోపల చెప్పమన్నాడు. మా ఆయన ఫోను పక్కన పెట్టి, కంచంలోకి చూస్తూ అన్నారు.

"రేపు ఇంజను తిరిగితే ఉంటాను. తిరక్కపోతే ఎల్తాను. ఇంక ఇద్దరూ నన్నేమీ అడక్కండి."

మా అత్తగారు మజ్జిగన్నం తినకుండానే లేచిపోయారు.

తెల్లవారుజామునే నేను పని మొదలుపెట్టాను. డీజిలు ఇంజను చాన్నాళ్ళు ఊరుకుంటే పైపుల్లో గాలి చేరుతుంది, అది తీసెయ్యాలి. నట్టు వదులు చేసి చేతి పంపు కొడుతుంటే మొదట బుస్సుమంటూ నురుగొచ్చింది, తర్వాత నికార్సయిన డీజిలొచ్చింది. మా ఆయన పక్కింటి ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి బిగించారు. పంచాయతీ కుళాయి వచ్చే వేళ. మా ఊళ్ళో బోరు వేస్తే ఉప్పు నీళ్ళు పడతాయి. తాగడానికీ వండుకోడానికీ పొద్దున కాసేపు వచ్చే ఆ కుళాయే దిక్కు. దానికి మొక్కలకి నీళ్ళు పెట్టే ఆకుపచ్చ పైపు తగిలించి రెండో కొస ఇంజను పైపుకి బిగించాను. నీళ్ళు పైపులో పరిగెడుతున్న చప్పుడు నా అరచేతికి తెలుస్తోంది. నాకు ఒళ్ళంతా ఒకటే ఉత్సాహం. తాళం మా ఆయనకిచ్చి, "ఇంక తిప్పండి" అన్నాను.

"ఆగండెహె!"

వీధి చివర్నించి మా అత్తగారి గొంతు. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్మిన మనిషి, ఆ గొంతుకి మైకు అక్కర్లేదు. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని దాదాపు పరిగెత్తుకొచ్చారు.

"ఇప్పుడు కాదు. పంతులుగార్ని లేపి అడిగొచ్చాను. పదిన్నర దాటాక మంచి గడియ ఉందంట. అప్పుడు తిప్పండి."

"అత్తయ్యా, ఇంజనుకి గడియలేంటండీ? అన్నీ అమర్చేశాం, నీళ్ళొస్తున్నాయి..."

"మొదట్లో దీన్ని నీళ్ళలోకి దింపేటప్పుడూ ఇదే మాటన్నావు. నీ మాట ఇని దింపాం. ఏమైందో సూడు, దుంగలెక్కి కూకుంది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఉప్పు నీళ్ళ వల్ల డ్రైవ్ పోయింది గానీ గడియ వల్ల కాదన్నాను. ఉప్పు నీళ్ళలో ఊళ్ళో పడవలన్నీ ఉన్నాయి, మనదే ఎందుకు పోయిందన్నారు ఆవిడ. తర్వాత ఇద్దరం అన్న మాటలు ఇక్కడ రాయను. చివరికి మా ఆయన తాళం తీసి వాళ్ళమ్మ చేతిలో పెట్టారు. ఆవిడ దాన్ని బొడ్లో దోపుకుని లోపలికెళ్ళారు. నేను వంటింట్లో దూరి, ఆ పూట తోమాల్సినవీ తోమక్కర్లేనివీ గిన్నెలన్నీ దభీదభీమని తోమాను.

పది దాటింది. అత్తగారు తలారా స్నానం చేసి, పసుపు, కుంకుమ, చేమంతి పూలు పెట్టిన పళ్ళెం పట్టుకుని పడవ దగ్గరికొచ్చారు. నేను మొహం ముడుచుకునే వెళ్ళి కుళాయి తిప్పాను. కుళాయి ఒకసారి బుస కొట్టి ఊరుకుంది.

అప్పుడు తట్టింది మా ముగ్గురికీ. ఆ వేళప్పుడు కుళాయి రాదు. పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ ఆ ఊళ్ళో ఉన్న ఆవిడకి తట్టలేదు, రోజూ ఆ కుళాయి కింద బిందె పెట్టే నాకూ తట్టలేదు. మళ్ళీ నీళ్ళొచ్చేది మర్నాడు పొద్దునే. ఈయన బస్సెక్కేది ఆ సాయంత్రమే. నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం నాకు సంబరమే వేసింది, "చూశారా" అందామని నోరు కూడా తెరిచాను. ఆయన తల వంచుకుని బ్యాటరీ తీగలు విప్పడానికి వంగేసరికి ఆ సంబరం కాస్తా ఎగిరిపోయింది.

"ఒరే, ఆ తీగలు ముట్టుకోకు" అన్నారు మా అత్తగారు. పళ్ళెం నా చేతికిచ్చి వీధి మధ్యకెళ్ళి నిలబడ్డారు.

"ఏమర్రా! ఎవరింట్లో మంచినీళ్ళున్నాయో పట్రండే! మావోడు ఉంటాడో ఎల్తాడో ఇప్పుడు తేలిపోద్ది!"

మా వీధిలో ఆ కాలంలో మగమనిషి లేని ఇళ్ళే ఎక్కువ. ఎవరికీ విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది. ముందు ఎదురింటి పిన్ని బిందె చంకనెత్తుకుని వచ్చింది. తర్వాత రెండు వైపుల నుంచీ ఆడవాళ్ళు. స్టీలు బిందెలు, ప్లాస్టిక్ బిందెలు, మూత పెట్టిన బకెట్లు. పొద్దున పట్టుకుని దాచుకున్న తాగే నీళ్ళు. ఒకామె స్కూటీ మీద మినరల్ వాటర్ టిన్ను తెచ్చింది. "దీని దర్జా సూడు, నాకు జొరమొచ్చినప్పుడు కూడా ఇది కొన్లేదు మా ఇంట్లో" అని ఇంకొకామె అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

మా డాబా మెట్లు బయట వైపునుంచి ఉంటాయి. రొయ్యల చెరువుల దగ్గర వాడే నీలం డ్రమ్ము ఒకటి మా దగ్గరుంది, అడుగున కుళాయి ఉన్నది. దాన్ని కడిగించి మెట్ల మలుపులో ఎత్తుగా పెట్టించాను. ఆకుపచ్చ పైపుని ఆ కుళాయికి మార్చాను. ఎత్తు మీంచి నీళ్ళు వాటంతట అవే దిగుతాయి. ఆడవాళ్ళు మెట్ల మీద వరసగా నిలబడి ఒకరి చేతిలోంచి ఒకరు బిందెలు అందిస్తున్నారు. "వదినా, నా బిందెలో సగమే పొయ్యి, పప్పుడకాలి", "పప్పు రేపు తిందువులే, పొయ్యనీ" అని పైనుంచి మాటలు వినిపిస్తున్నాయి. నేను పళ్ళెం అత్తగారికిచ్చేసి, కిందికొచ్చి పైపు క్లిప్పులు మళ్ళీ బిగించుకుంటూ ఇంజను మీదే ధ్యాస పెట్టాను. పైన డ్రమ్ము దగ్గర మా అత్తగారు ఏం చేస్తున్నారో చూడలేదు.

"నిండిందే! తిప్పొచ్చు!" అని ఆవిడే పైనుంచి కేకేశారు. బొడ్లోంచి తాళం తీసి కిందికి విసిరారు. ఆయన గాల్లోనే అందుకున్నారు.

పైనున్నవాళ్ళని డ్రమ్ము కుళాయి తిప్పమన్నాను. ఆయన దణ్ణం పెట్టుకుని తాళం తిప్పారు. ఇంజను మూలిగింది. మళ్ళీ తిప్పారు, మళ్ళీ మూలిగింది. మూడోసారి లోపలేదో దగ్గింది, నల్లటి పొగ గుప్పుమంది, ఉన్నట్టుండి మొత్తం పడవ దుంగల మీద వణికింది. డబడబడబమని ఇంజను అందుకుంది! మెట్ల మీదున్నవాళ్ళు ఒక్కసారిగా అరిచారు. నేను ఎగిరి గంతేశాను, నా వయసుకి వెయ్యకూడని గంతు. గంతేసి వెనక్కి పరిగెత్తి చూశాను.

పొగ వస్తోంది. నీళ్ళు రావడం లేదు.

"ఆపండి! ఆపండీ!"

ఆయన ఆపేశారు. నేను మెట్లెక్కి డ్రమ్ములోకి చూశాను. నిండుగా ఉంది, కుళాయి తెరిచే ఉంది. పైపు ఊడలాగితే కుళాయి నోట్లో పసుప్పచ్చగా ఏదో అడ్డంపడి ఉంది. వేలు పెట్టి లాగాను. చేమంతి పువ్వు. దాని వెనక ఇంకోటి, దాని వెనక రేకుల ముద్ద. డ్రమ్ములో నీళ్ళ మీద కుంకుమ తేలుతోంది, నీళ్ళన్నీ పసుపు.

"అత్తయ్యా! ఇది డ్రమ్మనుకున్నారా, పూలసజ్జనుకున్నారా?"

"గంగమ్మ తల్లిని తెచ్చి డ్రమ్ములో పోసుకుని పసుపు కుంకం లేకుండా ఎట్టాగే..." అని మొదలుపెట్టి ఆవిడ నా చేతిలో పువ్వు చూసి ఆగిపోయారు.

గబగబా దిగి పంపు మీద చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది. వాసన చూశాను. రబ్బరు కాలిన వాసన లేదనే అనిపించింది, కానీ భయంలో ముక్కుని నమ్మడానికి లేదు. మాడిందో లేదో మళ్ళీ తిప్పితే తప్ప తెలీదు. తలెత్తి చూస్తే మా అత్తగారు మెట్ల మీద కూలబడి ఉన్నారు.

"నా చేత్తో నేనే పంపేసుకుంటానేటే వాణ్ణి" అన్నారు. నాతోనో, డ్రమ్ముతోనో.

నా ఒక్కదానికే ఈ మనిషి కావాలన్నట్టు పొద్దున్నించీ రెచ్చిపోయాను. తెల్లారకముందే పంతులుగారి తలుపు కొట్టిన మనిషికి నాకంటే తక్కువ బెంగ ఉంటుందా? అలా అని నా కోపమేమీ పోలేదు. "అక్కడ కూర్చుంటే పనవదు, లేవండి. లోపలున్న పూలన్నీ తియ్యాలి" అన్నాను.

ఆవిడ లేచారు. జబ్బ దాకా చెయ్యి డ్రమ్ములో ముంచి దొరికిన పువ్వల్లా తీసి పారేశారు. రేకులు మాత్రం చేతికి దొరక్కుండా తప్పించుకుంటున్నాయి. డ్రమ్ము ఒంపేస్తే మళ్ళీ నింపడానికి వీధిలో చుక్క మిగల్లేదు. అప్పుడావిడ డాబా పిట్టగోడ మీంచి వేలాడుతున్న పాత వల ఒకటి లాగారు. సన్న కంతల వల. కత్తిపీటతో ఒక ముక్క కోసి, మూడు మడతలు పెట్టి, చిన్న సంచిలా ముడేసి, మళ్ళీ చెయ్యి ముంచి ఆ సంచిని కుళాయి లోపలి నోటికి కట్టేశారు. కంటికి కనపడకుండా, నీళ్ళ అడుగున, వేళ్ళతోనే. కట్టి, "ఇప్పుడు తిప్పిసూడు" అన్నారు. నేను కుళాయి తిప్పాను. పైపు కొసనుంచి నీళ్ళు ధారగా దూకాయి. రేకులన్నీ వలలో చిక్కాయి.

పైపు మళ్ళీ ఇంజనుకి బిగిస్తుంటే ఎవరో పైనుంచి అరిచారు, "పిన్నీ, గడియ దాటిపోతందే!"

"గడియకేం తొందరే, ఆగుద్ది. ముందు క్లిప్పు గట్టిగా బిగించనీ దాన్ని!" అన్నారు మా అత్తగారు. ఆ మాట ఆవిడ నోట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. క్లిప్పు మరో చుట్టు బిగించాను.

ఈసారి ఆయన తాళం తిప్పీ తిప్పగానే ఇంజను అందుకుంది. నేను పడవ వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాను. పొగ. ఇంకా పొగ. మళ్ళీ ఆపమని అరవబోతుండగా లోపల గుడగుడమంది. చిటుక్కున నాలుగు చుక్కలు నా మొహాన పడ్డాయి. ఆ వెంటనే పిడికిలంత లావున ధార! పచ్చటి ధార!

"తుప్పు! తుప్పొస్తోంది!" అని అరిచాను.

"తుప్పేటే, పిచ్చిదానా! పసుపు! నేనేసిన పసుపు!"

నిజమే. పసుపు నీళ్ళు. పంపు బతికుంది, ఇంజను బతికుంది, లోపలి దారులన్నీ తిరిగి మా వీధి వాళ్ళ మంచినీళ్ళు గోరువెచ్చగా బయటికొచ్చి కొబ్బరి చెట్టు మొదట్లోకి పారుతున్నాయి. ఎదురింటి పిన్ని వచ్చి ఆ ధార కింద చెయ్యి పెట్టి చూసింది. తర్వాత అందరూ పెట్టారు. ఒకామె కళ్ళకద్దుకుంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి, చేతులనిండా డీజిలు కావడం వల్ల కళ్ళు తుడుచుకోడానికి లేదు. మా అత్తగారు తన కొంగుతో నా మొహం గట్టిగా తుడిచారు, ఎక్కడ దెబ్బ తగులుతుందో కూడా చూడకుండా. "డ్రమ్ములో నీళ్ళు తగ్గిపోతన్నాయర్రా, అడుగూ బొడుగూ ఉంటే పట్రండి!" అని పైనుంచి ఇంకా ఎవరో అరుస్తూనే ఉన్నారు. సగం బిందె దాచుకున్నావిడే పరిగెత్తుకెళ్ళి మిగతా సగం తెచ్చి పోసింది.

ఆ గోలలో మా ఆయన జేబులో ఫోను వెలగడం నేను చూశాను. ఆయన తీసి నాకు చూపించారు. మేస్త్రీ.

"ఇంజను ఆపండి, మాట్లాడండి" అని చెవిలో అరిచాను. ఆయన తల అడ్డంగా ఊపారు. ఫోను ఎత్తారు. అవతల మేస్త్రీ ఏదో అడుగుతూనే ఉండుంటాడు. ఆయన వంగి, ఆ ఫోనుని ఇంజను మీదికి చాచి అలాగే పట్టుకున్నారు. ఇంజను డబడబమంటోంది. మా అత్తగారూ నేనూ చూస్తున్నాం. చాలాసేపు పట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని, ఒక్క మాట అరిచారు.

"ఇనపడిందాండీ?"